ఏ ఏడాది బాగా పాడారు?

(మన బడి స్వర్ణోత్సవ సభలో 1985 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను పావుగంట మాట్లాడమన్నారు. "ఇంజనీరువి కదా, టెక్నాలజీ గురించి నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. సరేనని కాగితం మీద ఏదో రాసుకొచ్చాను. కానీ నిన్న రాత్రి భోజనాల దగ్గర జరిగిన వాదన విన్నాక ఆ కాగితం జేబులోనే ఉంచేశాను. బడి మొదట్లో చదివిన వాళ్ళు "మా రోజుల్లో బడి బడిలా ఉండేదయ్యా" అంటున్నారు. మా వాళ్ళేమో "అసలు బడికి పేరు తెచ్చింది మేము" అంటున్నారు. తొంభైల్లో చదివిన తమ్ముళ్ళు "మీకు ల్యాబ్ కూడా లేదు, మీదేం గొప్ప" అంటున్నారు. అర్ధరాత్రి దాకా తేలలేదు. నేను గమనించింది ఒక్కటే. ఎవరికి పదిహేనేళ్ళు ఉన్నప్పుడు బడి ఎలా ఉందో, వాళ్ళకి అదే స్వర్ణయుగం.

సరిగ్గా ఇదే వాదన కొన్ని దశాబ్దాలుగా తెగకుండా నడుస్తున్న చోటు ఒకటి నాకు తెలుసు. ఈరోజు దాని గురించి చెబుతాను. కొంచెం దూరం తీసుకెళతాను, ఓపిక పట్టండి. మళ్ళీ ఈ ఆవరణలోకే తీసుకొచ్చి దింపుతాను.

అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అని ఒక బ్యాండు ఉండేది. 1965లో కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర మొదలైంది. 1995లో ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళలో సుమారు 2,300 కచేరీలు చేశారు. జెర్రీ గార్సియా గిటారు, బాబ్ వియర్ రెండో గిటారు, ఫిల్ లెష్ బేస్, బిల్ క్రూట్స్‌మన్ డ్రమ్స్, కొన్నేళ్ళు తప్ప ఆయన పక్కనే మికీ హార్ట్ రెండో డ్రమ్స్. కీబోర్డు దగ్గర మాత్రం మనుషులు మారుతూ వచ్చారు. ఇలాంటి వాళ్ళని జామ్ బ్యాండు అంటారు. అంటే పాట ఒక దారి మాత్రమే. పల్లవి, చరణం అయ్యాక అందరూ కలిసి అప్పటికప్పుడు ఎటు తోస్తే అటు వెళతారు. మళ్ళీ పాటలోకి ఎప్పుడు వస్తారో వాళ్ళకే తెలియదు. ఏ రాత్రి ఏ పాటలు వాయిస్తారో కూడా ముందు చెప్పరు. నిన్నటి కచేరీ ఈరోజు ఉండదు.

ఇది మన ప్రాంతం వాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. మన తాతలు పద్యనాటకాలు చూసిన తీరు ఇదే కదా. పాండవోద్యోగ విజయాలు కథ ఎవరికి తెలియదు? పద్యం అందరికీ నోటికి వచ్చిందే. అయినా బళ్ళు కట్టుకుని వెళ్ళేవారు. పద్యం చివర రాగం ఆ రాత్రి ఎంతదూరం వెళుతుందో విందామని వెళ్ళేవారు. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడా, షణ్ముఖి ఆంజనేయరాజు గారి కృష్ణుడా, ఈలపాట రఘురామయ్య గారి కృష్ణుడా అని అరుగుల మీద కొట్టుకునేవారు. "వన్స్ మోర్" అంటే రెండోసారి పాడేవారు, ఆ రెండోసారి మొదటిసారిలా ఉండేది కాదు. అమెరికా వాళ్ళు గిటార్లతో చేసింది కూడా అదే.

ఒక తేడా ఉంది. మన తాతలు విన్నది గాలిలో కలిసిపోయింది. వాళ్ళు విన్నది టేపుల మీద మిగిలింది.

ఆ బ్యాండు తమ కచేరీని ప్రేక్షకులు రికార్డు చేసుకోవడాన్ని అడ్డుకోలేదు. 1984 అక్టోబరు నుంచి అయితే రికార్డు చేసేవాళ్ళ కోసం సౌండ్ బోర్డు వెనకాల విడిగా సీట్లే కేటాయించారు. నియమం ఒక్కటే, టేపులు అమ్మకూడదు. ఖాళీ క్యాసెట్లు, తపాలా ఖర్చు పంపితే అవతలివాడు కాపీ చేసి పంపుతాడు. ఆ క్యాసెట్ మీద తేదీ, ఊరు, హాలు పేరు, ఎన్నో తరం కాపీ అన్నది రాసి ఉంటుంది. కాపీకి కాపీ తీసినకొద్దీ 'స్...' మన్న చప్పుడు పెరుగుతుంది కాబట్టి ఆ తరం లెక్క ముఖ్యం. గోత్రం చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు.

1993లో నేను అక్కడ ఎమ్మెస్ చదువుతున్నాను. నాది యంత్రాల కంపనాలు కొలిచే పని. ఇప్పటికీ అదే. ల్యాబులో నా పక్క బల్ల కుర్రాడు ఒకరోజు రెండు క్యాసెట్లు చేతిలో పెట్టాడు. ఒకటి 1969, ఇంకొకటి 1977. "ఇదేం బ్యాండు?" అన్నాను. "ఒకటే బ్యాండు, రెండు బ్యాండులు అనిపిస్తుంది చూడు" అన్నాడు. మొదటిది విని తలనొప్పి తెచ్చుకున్నాను. రెండోది విన్నప్పుడు, పాట మధ్యలో ఒక చోట, మనవాళ్ళు ఆలాపన చేసేటప్పుడు ఒక స్వరం చుట్టూ తిరిగి తిరిగి చివరికి దాని మీద వాలినట్టు అనిపించింది. అక్కడ చిక్కుకున్నాను. ఏడాది తిరిగేసరికి నా గదిలో వంట సామాను కన్నా క్యాసెట్లు ఎక్కువయ్యాయి.

ఇంజనీరుని కదా, పోల్చడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒకటి స్థిరంగా పట్టుకుంటేనే రెండోదాని మార్పు తెలుస్తుంది. అందుకని ఒకే పాటను ఏడాది ఏడాదికీ విన్నాను. ఆ పాట పేరు 'ప్లేయింగ్ ఇన్ ది బ్యాండ్'. 1971 ఫిబ్రవరిలో మొదటిసారి వాయించారు. పది మాత్రల లెక్క మీద నడుస్తుంది. మన ఖండ చాపు అయిదు, దానికి రెండింతలు అనుకోండి. లోపలి విరుపు వేరే. 1971లో అది అయిదు నిమిషాల పాట, అంతే. 1972కి మధ్యలో తలుపు తెరుచుకుంది. పాట పది, పదిహేను, ఇరవై నిమిషాలకు పెరిగింది. 1974 మే 21న సియాటిల్‌లో ఒక్క పాటే 46 నిమిషాలు వాయించారు. తరవాతి ఏళ్ళలో ఇంకో చిత్రం చేశారు. పాట మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, వేరే రెండు మూడు పాటలు, డ్రమ్స్ అన్నీ అయ్యాక, చివర్లో మళ్ళీ ఆ పాట తోక పట్టుకుని ముగించేవారు. ఒక పాట దాదాపు పాతికేళ్ళ బతుకు అది. ఇక కాలాలు చెబుతాను.

మొదటి కాలం 1960ల చివరి ఏళ్ళు. అందరూ పాతికేళ్ళ లోపు, అటూ ఇటూ వాళ్ళు. 'డార్క్ స్టార్' అనే పాట 1968లో రికార్డు మీద మూడు నిమిషాల లోపే ఉంది. అదే పాట 1969 నాటి 'లైవ్ డెడ్' ఆల్బంలో 23 నిమిషాలు. ఇద్దరు డ్రమ్మర్లు ఉండేవారు. 'ది ఎలెవెన్' అని పదకొండు మాత్రల పాట కట్టారు. ఇందులో మన దేశం చెయ్యి ఉంది. మికీ హార్ట్ మన తబలా విద్వాంసుడు అల్లా రఖా గారి దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు. తరవాత వాళ్ళబ్బాయి జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1976లో దిగా రిథమ్ బ్యాండ్ పేరుతో ఆల్బం చేశాడు. 1991లో వచ్చిన 'ప్లానెట్ డ్రమ్'లో జాకిర్ హుస్సేన్‌తో పాటు మన ఘటం విక్కు వినాయక్‌రామ్ గారు కూడా ఉన్నారు. దానికి గ్రామీ వచ్చింది. ఈ కాలం సంగీతం కుర్రతనం. వరద నీరు లాంటిది. గట్టు ఎక్కడ ఉందో దానికి అనవసరం.

రెండో కాలం 1971 నుంచి 1974. హార్ట్ కొన్నేళ్ళు తప్పుకున్నాడు. ఒక్క డ్రమ్మరే మిగిలాడు. దాంతో సంగీతం తేలికైంది, చప్పున మలుపు తిరగగలిగింది. రెండెడ్ల బండి స్థానంలో సైకిలు వచ్చినట్టు. 1972 వసంతంలో యూరప్ వెళ్ళి 22 కచేరీలు చేశారు. అవన్నీ 2011లో 73 సీడీలుగా వచ్చాయంటే వాటి మీద మోజు ఎంతో ఊహించండి. అదే ఏడాది ఆగస్టు 27న ఓరెగన్ రాష్ట్రంలో కష్టాల్లో ఉన్న ఒక చిన్న పాల డెయిరీకి సాయంగా ఎర్రటి ఎండలో కచేరీ చేశారు. ఆ వేడికి వాయిద్యాల శ్రుతి నిలవలేదు. అయినా దాన్ని గొప్ప కచేరీల్లో ఒకటిగా చెప్పుకుంటారు. మన బెజవాడ ఎండలో వాయించగలిగేవాళ్ళు అన్నమాట.

1974 వచ్చేసరికి నాలాంటి వాళ్ళ పని మొదలైంది. పెద్ద హాళ్ళలో శబ్దం ముద్దముద్దగా వస్తోందని వాళ్ళకి బాధ. ఔస్లీ స్టాన్లీ అనే సౌండ్ మనిషి, అలెంబిక్ సంస్థ ఇంజనీర్లు కలిసి 'వాల్ ఆఫ్ సౌండ్' అనే గోడ కట్టారు. సుమారు 600 స్పీకర్లు, 26,400 వాట్లు, 75 టన్నుల బరువు. కానీ దాని గొప్పతనం బరువులో లేదు. మన సంబరాల్లో ఏం చేస్తాం? అన్ని వాయిద్యాలూ ఒకే పెట్టెల్లోంచి పంపిస్తాం. ఒకదానితో ఒకటి కొట్టుకుని చెవి పగులుతుంది. వీళ్ళు ఒక్కో వాయిద్యానికి ఒక్కో స్పీకర్ల దొంతర ఇచ్చారు. బేస్ గిటారుకైతే ఒక్కో తీగకీ విడిగా ఇచ్చారు. ఆ గోడని వాయించేవాళ్ళ వెనక నిలబెట్టారు. అంటే ప్రేక్షకులు ఏది వింటున్నారో వాళ్ళూ అదే వింటారు.

స్పీకర్లు వెనక ఉంటే మైకులోకి మళ్ళీ అదే శబ్దం దూరి కీచుమనాలి కదా? ఫిజిక్స్ మాస్టారు ఇక్కడే ఉన్నారు, తప్పయితే దిద్దండి సార్. గాయకుడి ముందు రెండు మైకులు పెట్టారు, ఒకదానికి వ్యతిరేకంగా ఇంకొకటి కలిపారు. దూరం నుంచి వచ్చే గోడ శబ్దం రెండింటికీ సమానంగా తగులుతుంది కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గాయకుడు మాత్రం పై మైకుకి నోరు ఆనించి పాడతాడు. ఆ గొంతు ఒక్కదాంట్లోనే గట్టిగా పడుతుంది, అదే మిగులుతుంది. తరంగాల పాఠంలో మనం పరీక్ష కోసం బట్టీ పట్టిన ముక్కే ఇది.

దీనికి ధర కూడా ఉంది. ఆ మైకుల్లో గొంతు కాస్త పలచబడేది. ఇక మోయడం, కట్టడం, విప్పడం. ఒక ఊళ్ళో వాయిస్తుంటే తరవాతి ఊరికి ఇంకో మంచె ముందే వెళ్ళాలి. ఖర్చు తడిసి మోపెడైంది. 1974 అక్టోబరుతో ఆ గోడనీ, తిరుగుళ్ళనీ ఆపేశారు. 1975లో మొత్తం చేసినవి నాలుగే కచేరీలు. ఇంజనీరుగా నేను దాన్నుంచి నేర్చుకున్నది, శబ్దం ఎంత శుభ్రంగా ఉన్నా మోసే మనుషులు అలిసిపోతే ఆ యంత్రం నిలవదని.

మూడో కాలం 1976 నుంచి 1978. హార్ట్ తిరిగొచ్చాడు. మళ్ళీ ఇద్దరు డ్రమ్మర్లు. నడక నెమ్మదించింది, బరువు పెరిగింది. స్టూడియోలో ఒక కఠినమైన నిర్మాత చేతిలో సాధన చేసి వచ్చారేమో, 1977 వసంతంలో ఒక్క అడుగు తప్పు పడదు. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయం బార్టన్ హాల్లో చేసిన కచేరీ అన్నింటికన్నా గొప్పదని ఎక్కువమంది అంటారు. అమెరికా జాతీయ గ్రంథాలయం కాపాడవలసిన రికార్డింగుల జాబితాలో దాన్ని చేర్చారు. ఎందుకంత పేరు? బాగా వాయించారు, నిజం. దాంతోపాటు అది బాగా రికార్డయింది. బెట్టీ కాంటర్ జాక్సన్ అనే ఆవిడ ఆ టేపులు చేశారు. చెయ్యి తిరిగిన మనిషి. తరవాత ఆవిడ చేతిలో డబ్బు ఆడక, గోదాము అద్దె బాకీ పడి, 1986లో ఆ టేపులన్నీ వేలంలో పోయాయి. కొన్నవాళ్ళ చేతుల మీదుగా అవి మెల్లగా బయటికొచ్చాయి. అదే వసంతంలో అంత బాగానూ వాయించిన రాత్రులు ఇంకా ఉన్నాయి. వాటికి అంత కీర్తి రాలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. మనం 'గొప్ప కాలం' అనుకునేది చాలాసార్లు 'బాగా దాచుకున్న కాలం'.

నాలుగో కాలం 1979 నుంచి 1990. బ్రెంట్ మిడ్‌ల్యాండ్ కీబోర్డుకు వచ్చాడు. కచేరీకి ఒక చట్రం ఏర్పడింది. రెండో భాగం మధ్యలో డ్రమ్మర్లిద్దరికే వదిలేసి మిగతావాళ్ళు లోపలికి వెళ్ళిపోతారు. మన తని ఆవర్తనమే. ఎనభైల మధ్యలో గార్సియా ఆరోగ్యం, అలవాట్లు ఆయన్ని దెబ్బ తీశాయి. 1986 జులైలో మధుమేహంతో కోమాలోకి వెళ్ళాడు. లేచాక గిటారు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. డిసెంబరుకల్లా వేదిక ఎక్కాడు. మరుసటి ఏడాది 'టచ్ ఆఫ్ గ్రే' పాట పెద్ద హిట్టయింది. ఇరవై రెండేళ్ళు వాయించాక వచ్చిన మొదటి పెద్ద హిట్టు. దాంతో క్రికెట్ మ్యాచికి వచ్చినంత జనం. అయినా 1989, 1990 నాటి టేపులు వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1990 మార్చి 29న బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ అనే జాజ్ శాక్సొఫోన్ విద్వాంసుడు వచ్చి వాళ్ళతో కూర్చున్నాడు. ఎన్నాళ్ళ నుంచో కలిసి కాపురం చేసినట్టు వాయించారు. ఆ జులైలోనే మిడ్‌ల్యాండ్ మత్తుమందు ఎక్కువై చనిపోయాడు. ముప్ఫై ఏడేళ్ళు. 1973లో ఈ బ్యాండు మొదటి కీబోర్డు మనిషి పిగ్‌పెన్ ఇరవై ఏడేళ్ళకే తాగుడుతో పాడైన ఆరోగ్యంతో పోయాడు. పిల్లలు కూడా సభలో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ మత్తు వాళ్ళ సంగీతాన్ని పెంచిందని కొందరంటారు. నేను వరసగా విన్నాను. అది మనుషుల్ని ఒక్కొక్కర్నీ తీసుకుపోవడమే నాకు వినబడింది.

అయిదో కాలం, చివరిది, 1990 నుంచి 1995. ఇక్కడే నేను వస్తాను.

1994 శరదృతువులో ల్యాబు మిత్రుడు టికెట్లు సంపాదించాడు. ఆరు గంటలు కారులో వెళ్ళాం. నా తలలో 1972 టేపు తిరుగుతోంది. వేదిక మీద గార్సియా. యాభై రెండేళ్ళే. ఇప్పుడు నా వయసు కన్నా తక్కువ. అప్పుడు నాకు ముసలివాడిలా కనిపించాడు. ఆ ఏళ్ళలో ఆయన ఒంట్లో బాగాలేదని, మాటలు మరిచిపోతుంటే ముందు తెర పెట్టుకుని చూసి పాడేవాడని అందరికీ తెలిసిందే. నేను టేపుతో పోల్చుకుంటూ కూర్చున్నాను. ఇక్కడ ఆ పరుగు లేదు, అక్కడ ఆ మెరుపు లేదు. రెండో భాగం సగంలో లేచి బయటికొచ్చి కారు దగ్గర నిలబడ్డాను. మిత్రుడు చివరి దాకా ఉండి వచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "ఏమైంది?" అన్నాను. "నువ్వు ఉండాల్సింది" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు. మరుసటి ఏడాది జులై 9న షికాగోలో చివరి కచేరీ జరిగింది. ఆగస్టు 9న గార్సియా చనిపోయాడు.

ఇప్పుడు మన బడికి వద్దాం.

మా తెలుగు మాస్టారు మీలో చాలామందికి గుర్తే. పేరు చెప్పనక్కర్లేదు. ప్రతి వార్షికోత్సవానికీ ఆయన కృష్ణరాయబారం పద్యాలు ఉండేవి. 1985లో, మేము పదో తరగతిలో ఉన్నప్పుడు, ఇదే ఆవరణలో, ఆ వేపచెట్టు పక్కన వేసిన వేదిక మీద ఆయన రాగం తీస్తే రోడ్డు మీద వెళ్ళే రిక్షావాళ్ళు ఆగి విన్నారు. మూడుసార్లు వన్స్ మోర్. మూడుసార్లూ మూడు రకాలుగా పాడారు. అది నా 1977.

1996 జనవరిలో సెలవుకి ఇంటికొచ్చాను. వార్షికోత్సవానికి మాస్టారు వచ్చారు. అప్పటికి రిటైరై రెండేళ్ళు. పాడమన్నారు. మొదటి పద్యంలోనే గొంతు జీరపోయింది. పైస్థాయికి వెళ్ళబోయి ఆగిపోయారు. వెనకాల పిల్లలు నవ్వారు. నేను ఆ పిల్లల్ని కసరలేదు. చిన్నగా లేచి, గేటు దాటి, ఎదురు టీ బడ్డీ దగ్గర నిలబడ్డాను. ఎందుకు వెళ్ళావంటే చూడలేకపోయానని చెప్పుకోవచ్చు. నిజానికి నా 1985 పాడైపోతుందని వెళ్ళాను.

మర్నాడు ఆయన ఇంటికి వెళ్ళాను. పడక్కుర్చీలో ఉన్నారు. "నిన్న వచ్చావటగా" అన్నారు. "వచ్చాను మాస్టారూ." "చివరి పద్యం ఎలా పాడానురా?" "అద్భుతం మాస్టారూ, ఎప్పటిలాగే." ఆయన నా ముఖంలోకి ఒక్క నిమిషం చూశారు. తరవాత లోపలికి కేకేసి, "వీడికి కాఫీ ఇవ్వు, దూరం నుంచి వచ్చాడు" అన్నారు.

2003లో ఆయన పోయారు. నేను రాలేకపోయాను. ఆ తరవాత ఎప్పుడో మా బ్యాచ్ మిత్రుడు మాటల్లో అన్నాడు. "ఆరోజు నువ్వు ఉన్నావా? మాస్టారు చివరి పద్యం పాడలేదురా. గొంతు రావట్లేదు, మీకు చదివి చెబుతాను అన్నారు. రాగం లేకుండా, మాట మాటా విడదీసి చదివారు. కృష్ణుడు అక్కడ కోపంతో అంటున్నాడా, భయపెట్టడానికి అంటున్నాడా, బతిమాలుతున్నాడా అని ఒక్కో మాటకీ చెప్పారు. నవ్విన పిల్లలే నోరెత్తలేదు. ఇన్నేళ్ళూ రాగం విన్నాంగానీ పద్యం అప్పుడే విన్నాను."

మిత్రులారా, ఆయన పాడలేదు. పాడని పద్యాన్ని నేను అద్భుతంగా పాడారన్నాను. ఆయన ఏమీ అనకుండా కాఫీ ఇప్పించారు.

ఆ మాట విన్నాక నేను క్యాసెట్ల పెట్టె మళ్ళీ తీశాను. అప్పటిదాకా పక్కన పడేసిన చివరి ఏళ్ళ టేపులు విన్నాను. షికాగోలో ఆ ఆఖరి రాత్రి గార్సియా 'సో మెనీ రోడ్స్' అనే పాట పాడాడు. గొంతు పగిలిపోతుంది. 1972లో అలవోకగా ఎక్కిన మెట్టు ఎక్కలేక, కిందనే నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి పిలుస్తాడు. ఆ పాట 1972లో పాడగలిగేవాడు కాదు. దాన్ని తరవాత ఆ బ్యాండు చరిత్రగా వేసిన సంకలనంలో చేర్చారు. ఆ రాత్రి అన్నింటికన్నా చివర వాయించింది ఫిల్ లెష్ పాట, 'బాక్స్ ఆఫ్ రెయిన్'. పాతికేళ్ళ కిందట మరణశయ్య మీద ఉన్న తండ్రి కోసం కట్టుకున్న పాట అది.

ఏ ఏడాది బాగా పాడారు అని ఇప్పుడు నన్నడిగితే, నేను ఇలా చెబుతాను. 1969లో ధైర్యం బాగుంది. 1972లో వినడం బాగుంది, ఒకరినొకరు వింటూ వాయించారు. 1977లో పట్టు బాగుంది. 1990లో అనుభవం బాగుంది. 1995లో గొంతు లేదు, రాగం లేదు, పాటలో ఏముందో అది మాత్రం మిగిలింది. వీటిని ఒకే కొలబద్దతో కొలవడం కంపనాలని కాటాతో తూచడం లాంటిది. అన్ని ఏళ్ళూ సమానమని నేననడం లేదు. చెడ్డ రాత్రులు చాలా ఉన్నాయి, చివరి ఏళ్ళలో మరీ ఉన్నాయి. కానీ పాత రాత్రిని తలలో పెట్టుకుని వెళ్ళినవాడికి కొత్త రాత్రి మంచిదో చెడ్డదో తెలిసే అవకాశమే ఉండదు. లేచి వెళ్ళిపోయినవాడికి అసలే ఉండదు.

కాబట్టి నిన్న రాత్రి వాదనకు నా తీర్పు ఇది. ఏ బ్యాచ్ గొప్పది అని అడక్కండి. ఏ బ్యాచ్‌కి ఏ మాస్టారు ఏది ఇచ్చారో అడగండి. నా తరవాత పదేళ్ళకి చదివిన తమ్ముడు మా మాస్టారిని గొంతు పోయాక విన్నాడు. వాడికి నాకు దొరకనిది దొరికింది.

ఇప్పుడు ఇంజనీరుగా నాలుగు ముక్కలు. కార్యదర్శి గారు కోరింది కూడా ఇదే. మా మాస్టారి గొంతు ఏ టేపు మీదా లేదు. రెండేళ్ళు వెతికాను. 1985దీ లేదు, 1996దీ లేదు. ఈ వేదిక మీద ఇవాళ పదకొండు మంది గురువులు ఉన్నారు. ఎవరి గొంతూ ఇప్పటికి ఎక్కడా లేదు. ఒక్కో బ్యాచ్ ఒక్కో గురువుగారిని తీసుకోండి. డబ్బు అక్కర్లేదు, జేబులో ఫోను చాలు. ఇంటికి వెళ్ళి, ఫ్యాను కట్టేసి, ఫోనుని మడిచిన తువ్వాలు మీద ఆయనకు మూరెడు దూరంలో పెట్టండి. ఒక గంట పాఠం చెప్పమనండి. జీవిత చరిత్ర అడగొద్దు, పాఠమే అడగండి. ఆల్జీబ్రా అయితే ఆల్జీబ్రా. మధ్యలో దగ్గినా, మరిచిపోయినా, అదే మాట రెండుసార్లు చెప్పినా కత్తిరించొద్దు. తేదీ, ఊరు, పేరు రాసి పెట్టండి. రెండు చోట్ల కాపీ ఉంచండి. అందరికీ పంచండి, ఎవరూ అమ్మొద్దు. సేకరించి పెట్టే పని నాది. మొదటి రికార్డింగు ఈ సాయంత్రమే, మా లెక్కల మాస్టారిది. ఆయన ఒప్పుకున్నారు. "గొంతు బాగాలేదురా, మందు వేసుకున్నాక వచ్చే నెల చేద్దాం" అన్నారు. "వద్దు సార్, ఈరోజు గొంతే కావాలి" అన్నాను.

చివరగా, ఆ బ్యాండు పేరు సంగతి. గ్రేట్‌ఫుల్ డెడ్ అంటే కృతజ్ఞత గల మృతుడు. గార్సియాకి ఒక నిఘంటువులో కనబడింది. అదొక పాత జానపద కథ. అప్పులతో చచ్చి, పూడ్చే దిక్కు లేక పడి ఉన్న శవానికి ఒక బాటసారి తన చేతిలో ఉన్న డబ్బు పెట్టి అంత్యక్రియలు చేయిస్తాడు. ముందుకు సాగిన అతనికి దారిలో ఒక తోడు దొరుకుతాడు, ఆపదల్లో కాపాడతాడు. చివరికి తెలుస్తుంది, ఆ తోడు ఎవరో కాదు, ఆ మృతుడే. ఆ కథలో ఋణం పోయినవాడిది. మన కథలో ఋణం మనది. ఉన్నవాళ్ళు ఉండగానే కొంచెం తీర్చుకుందాం.

మళ్ళీ వార్షికోత్సవాలు వస్తాయి. ఎవరో ఒక మాస్టారు పద్యం ఎత్తుకుంటారు. గొంతు అందకపోవచ్చు. దయచేసి చివరి దాకా కూర్చోండి. నేను ముందు వరసలోనే ఉంటాను.

సెలవు.